పెద్ద టెక్ సంస్థను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకోవడం ఎలా?

ఒక సంస్థ చెప్పే మాటలకన్నా ముందు దాని ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. గూగుల్, మెటా సంస్థల రాబడిలో ఎక్కువ భాగం వాణిజ్య ప్రకటనలదే కనుక, వాటి ఉచిత సేవలకు మన అలవాట్ల సమాచారమే ముడిసరుకని గుర్తించాలి.

తరువాత పాత నడవడిని పరిశీలించండి. ఎందరో రోజూ వాడుతుండగానే గూగుల్ రీడర్‌ను (వివిధ వెబ్‌సైట్లలోని కొత్త రచనలను ఒకేచోట చదువుకునే సేవ) 2013 జూలైలో మూసివేశారు. కాబట్టి ఏ సేవలో చేరినా మన ఫైళ్లను బయటికి తెచ్చుకునే దారి ఉందో లేదో మొదటిరోజే చూసుకుని (గూగుల్‌లో ఇందుకు టేకౌట్ అనే సదుపాయం ఉంది), ఆరు నెలలకొకసారి ఒక ప్రతిని సొంత డిస్కులో భద్రపరచుకోవాలి. విసుగు పుట్టించే పనే, అయినా తప్పదు.

అన్నిటికన్నా ఉద్యోగుల మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. లైంగిక వేధింపుల ఫిర్యాదుల విషయంలో యాజమాన్యం వ్యవహరించిన తీరుకు నిరసనగా 2018 నవంబరులో వేలాది గూగుల్ ఉద్యోగులు పని ఆపి బయటికి వచ్చారు. మరుసటి ఏడాది, ఉద్యోగుల వివాదాల్లో నిర్బంధ మధ్యవర్తిత్వ నిబంధనను, అంటే కోర్టుకు వెళ్లకుండా ప్రైవేటు మధ్యవర్తి తీర్పుకే కట్టుబడాలనే షరతును, ఆ సంస్థ ఎత్తివేసింది. ఇలాంటి సంస్థల్లో చేరబోయేవారు ఒప్పందంలోని మధ్యవర్తిత్వ, గోప్యతా నిబంధనలను సంతకానికి ముందే చదివి, అర్థం కానివాటికి లిఖితపూర్వకంగా వివరణ కోరాలి.