రంగులు కొనే ముందు వెలుగులో చూడండి

లాంప్ షేడ్, తోరణం, గోడకు తగిలించే బొమ్మ... ఏది చేయాలనుకున్నా, పూర్తయ్యాక అది ఎక్కడ ఉంటుంది, ఎటువైపు నుంచి చూస్తారు, పగలా రాత్రా అన్నది ముందు రాసుకోండి. ఉమ్మడి అనంతపురం జిల్లా నిమ్మలకుంట తోలుబొమ్మలనే తీసుకోండి. తోలును వెలుతురు దాటేంత పలచగా చేసి, నగలు, అంచులు చిన్న చిన్న రంధ్రాలతో తీరుస్తారు. బల్ల మీద పెడితే ఆ నగల అందం అంతగా తెలియదు. వెనక దీపం ఉంటేనే మెరుస్తాయి. ఎంత ముందుచూపు ఉండాలో కదా! మీరూ అసలు సైజులో స్కెచ్ వేసి, కిటికీ అద్దానికి అతికించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూడండి. ఎక్కడ ఖాళీ వదలాలో, ఏ రంగు అక్కర్లేదో అప్పుడే తేలిపోతుంది. రాత్రి వెలిగించేదైతే కిటికీ బదులు బల్బు ముందు పట్టుకుని చూడండి.