లైబ్రరీ తీసుకునే ముందు ఇష్యూల పేజీ చూడండి

జావాస్క్రిప్ట్‌లో తేదీల లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) వెతికితే మొదట తగిలేది మొమెంట్. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో దానికి వేల స్టార్లు (మెచ్చినవాళ్లు పెట్టే గుర్తులు) ఉన్నాయి. కానీ కొత్త ప్రాజెక్టులకు వద్దని 2020 సెప్టెంబరులోనే దాని నిర్వాహకులే చెప్పేశారు. బదులుగా లక్సన్, డే.జెఎస్ వంటి పేర్లూ వాళ్లే ఇచ్చారు. ఇంత నిజాయితీ అరుదు లెండి!

అందుకే స్టార్లు పక్కనపెట్టి, ఈమధ్య మూసిన ఇష్యూలు (లైబ్రరీ వాడేవాళ్లు అక్కడ పెట్టే ఫిర్యాదులు, ప్రశ్నలు) ఓ పది చదవండి. మనిషి జవాబిచ్చి మూశాడా, ఎవరూ పట్టించుకోక బాట్ (దానంతటదే నడిచే ప్రోగ్రామ్) మూసేసిందా? కొత్తవాళ్లు అడిగితే కసురుకుంటున్నారా? రేపు మీరు ఇరుక్కుంటే దొరికే మర్యాదా అదే.

పాత మొమెంట్ కోడ్ ఉంటే డే.జెఎస్‌కు మారడం తేలిక, ఫంక్షన్ల పేర్లు చాలావరకు అవే. ఒక్క జాగ్రత్త: మొమెంట్‌లో రోజులు కలిపితే అసలు తేదీయే మారుతుంది, డే.జెఎస్ కొత్త తేదీని తిరిగిస్తుంది, దాన్ని వేరియబుల్‌లో పెట్టుకోవాలి.