ఆ షూటింగు ఎక్కడ జరిగింది? మీ ఊళ్లో తీసిన పాత సినిమాల చోట్లు పట్టుకుని, పెద్దల జ్ఞాపకాలు దాచడం ఎలా?

కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున వందేళ్లకు పైగా నిలబడ్డ నిద్రగన్నేరు 2024 ఆగస్టులో కూలిపోయింది. ఊళ్లో దాన్ని సినిమా చెట్టు అనేవారు. దాని కింద తీసిన సినిమాలు వందల్లో ఉన్నాయని అందరూ చెబుతారు. ఏ సినిమాలో, ఎన్నో నిమిషం దగ్గర అని అడిగితే మాత్రం చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఎగువన పోలవరం ముంపు కింద దేవీపట్నం చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. అక్కడ షూటింగులు చూసినవాళ్లు ఇప్పుడు పునరావాస కాలనీల్లో ఉన్నారు. చోటూ పోతోంది, చూసిన మనిషీ దూరమవుతున్నాడు. అందుకే ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి.

ఉదాహరణలన్నీ రాజమహేంద్రవరం చుట్టూ ఉన్న గోదావరివి. పద్ధతి మాత్రం ఏ ఊరికైనా పనికొస్తుంది. అసలు కిటుకు ఒక్కటే: జ్ఞాపకాన్ని ఫ్రేముతో (సినిమా ఆపి పట్టుకున్న ఒక్క బొమ్మతో), ఫ్రేమును జ్ఞాపకంతో సరిచూడాలి. పెద్దవాళ్లకు మనుషులు బాగా గుర్తుంటారు, సంవత్సరాలు తప్పుతాయి. ఫ్రేములో సంవత్సరం దొరుకుతుంది, మనుషులు దొరకరు.

ముందు గిరి గీసుకోండి

జిల్లా అంతా ఒక్కసారి నెత్తిన పెట్టుకుంటే రెండు నెలల్లో వదిలేస్తారు. ఒక రేవు, లేదా మూడు నాలుగు కిలోమీటర్ల గట్టు, మూడే మూడు సినిమాలతో మొదలుపెట్టండి. 1964 నాటి మూగమనసులు, బాపు పులిదిండిలో తీసిన సాక్షి (1967), లాంచి మీద సాగే అందాల రాముడు (1973) ఇలాంటి పనికి మంచివి. మూడింట్లోనూ అవుట్‌డోర్ ఎక్కువ. వాటిని ఇష్టంగా గుర్తుపెట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు.

ఫ్రేములు తీయడం

నిర్మాణ సంస్థ లేదా హక్కులున్న కంపెనీ పెట్టిన కాపీనే వాడండి, లేదా డీవీడీ కొనండి. కంప్యూటర్‌లో యూట్యూబ్ ఆపి ఫుల్‌స్టాప్ మీట నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు, కామా నొక్కితే వెనక్కు కదులుతుంది. మొదట పాటలు చూడండి, బయటి షాట్లు ఎక్కువ దొరికేది అక్కడే. హీరో ముఖం స్పష్టంగా ఉన్న ఫ్రేము కోసం వెతక్కండి. అతని భుజం వెనక ఏముందో బాగా కనిపించే ఫ్రేము కావాలి. కెమెరా పక్కకు తిరుగుతున్న షాటైతే మొదలు, మధ్య, చివర మూడు ఫ్రేములు తీసి పక్కపక్కన అతికిస్తే గట్టు మొత్తం ఒక్క బొమ్మలో వస్తుంది. ఫైలు పేరులో సినిమా, సంవత్సరం, గంట, నిమిషం, సెకను ఉండాలి. ఇది ఆ క్షణంలోనే రాయకపోతే తర్వాత రెండున్నర గంటల సినిమా మళ్లీ చూడాల్సి వస్తుంది.

ఇక్కడ రెండు మోసాలున్నాయి. తెలుగులో సినిమాస్కోప్, అంటే బాగా వెడల్పు బొమ్మ, 1974లో వచ్చింది. ఆ తర్వాతి స్కోప్ సినిమాలను పాత టీవీ కొలతకు కోసి పెట్టిన కాపీల్లో రెండు అంచులూ ఎగిరిపోతాయి, గుడి గోపురమో వంతెన స్తంభమో ఉండేది ఆ అంచుల్లోనే. రెండోది, కొందరు కాపీరైటు తప్పించుకోవడానికి బొమ్మను అద్దంలోలా తిప్పి పెడతారు. అప్పుడు నది కుడి నుంచి ఎడమకు మారిపోతుంది, మీరు అవతలి ఒడ్డున వెతుకుతూ కూర్చుంటారు. బోర్డుల మీద అక్షరాలు చూడండి. అవి లేకపోతే ఆడవాళ్ల పైట చూడండి. మన కట్టులో పైట ఎడమ భుజం మీద ఉంటుంది. ఫ్రేములో అందరికీ కుడి భుజం మీదుంటే బొమ్మ తిరగబడినట్టే.

అది నిజంగా బయట తీసిందేనా?

నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ పెట్టింది 1936లో. కానీ ఆ తర్వాత చాలా దశాబ్దాలు తెలుగు సినిమా మద్రాసు స్టూడియోల్లోనే నడిచింది. వీధి గోదావరి జిల్లాలోది, గడప దాటితే లోపలి హాలు మద్రాసు స్టూడియో సెట్టులోది కావడం మామూలే. ‘ఆ ఇల్లు మాదే’ అన్న కుటుంబం బయటి గోడ విషయంలో నిజమే చెబుతూ ఉండవచ్చు, కాబట్టి లోపలి సీను చూపించి కొట్టిపారేయకండి.

పడవలో మాటలాడుకుంటుండగా దగ్గర నుంచి తీసిన షాట్లను అనుమానంగా చూడండి. వెనక తెర మీద నదిని ప్రొజెక్టర్‌తో వేసి ముందు పడవను ఊపిన షాటులో మనుషులు స్పష్టంగా, వెనక నీళ్లు కాస్త మసగ్గా ఉంటాయి. పడవ ఊపుకీ వెనక గట్టు ఊపుకీ పొంతన ఉండదు. ఒక మనిషికి రెండు నీడలు పడితే అది లైట్ల కింద తీసింది. వెన్నెల సీన్లలో నీడ చురుగ్గా, నల్లగా ఉంటే పట్టపగలు ఫిల్టరు పెట్టి తీశారన్నమాట. అది మీకు లాభమే, ఆ నీడ సూర్యుడిది కాబట్టి దిక్కు చెబుతుంది.

ఏ ఒడ్డు?

రాజమండ్రి నదికి తూర్పు ఒడ్డున ఉంది, కొవ్వూరు, కుమారదేవం పడమటి ఒడ్డున. సూర్యుడు నీళ్ల మీద దిగుతుంటే కెమెరా రాజమండ్రి వైపుంది, నీళ్ల మీద లేస్తుంటే కొవ్వూరు వైపుంది. అయితే సినిమాలో అస్తమయం అని చూపించింది నిజానికి ఉదయం తీసి ఉండొచ్చు. తెర మీద సూర్యుడు కిందికి దిగుతున్నాడా పైకి పోతున్నాడా అని ఆ షాటు చివరిదాకా చూడండి. అస్తమయం జూన్‌లో వాయవ్యం వైపు, డిసెంబరులో నైరుతి వైపు జరుగుతుంది. వంతెన నుంచి సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో కొలిస్తే రమారమి నెల కూడా తెలుస్తుంది.

నీళ్లు ఎర్రగా గట్టును తాకుతుంటే జూలై, సెప్టెంబరు మధ్య వరద కాలం. ఇసుక తిన్నెలు బయటపడితే వేసవి. ఆ తిన్నెల్ని మాత్రం గుర్తుగా పెట్టుకోవద్దు, ఒక్క వరదకే జాగా మారిపోతాయి. కొబ్బరి, తాడి చెట్లను కూడా నమ్మలేం. కొండ వరస, గుడి గోపురం, వంతెన, రాతి మెట్లు, పాతకాలపు పెద్ద చెట్టు, ఇవీ నమ్మదగ్గవి. నిద్రగన్నేరుకు ఒక సుగుణముంది. సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు దాని ఆకులు ముడుచుకుంటాయి. ఫ్రేములో కొమ్మల మధ్య నుంచి ఆకాశం పలచగా కనబడి, ఆకులు వేలాడుతుంటే ఆ షాటు ఎండ పొద్దులో తీసింది కాదు. చెట్టును పోల్చేటప్పుడు ఆకు గుబురు చూడకండి, అది ఏటా మారుతుంది. మొదటి పంగ నేల నుంచి ఎంత ఎత్తులో చీలింది, ఏ కొమ్మ ఏ వైపు వంగింది అన్నది చూడండి.

ఏ సంవత్సరం?

గోదావరి మీద వంతెనలే క్యాలెండరు. హేవలాక్ వంతెన మీద రైళ్లు 1900 నుంచి 1997 దాకా నడిచాయి. పైన రోడ్డు, కింద రైలు ఉన్న వంతెన 1974లో వచ్చింది. వరసగా విల్లులు పేర్చినట్టుండే వంతెన 1997లో పూర్తయింది. కొవ్వూరుకు నాలుగో వంతెన 2015 నాటిది. ఫ్రేములో హేవలాక్ ఒక్కటే ఉంటే 1974కు ముందని రాసేయకండి, కెమెరా మిగతావాటి వైపు తిరగలేదేమో చూసుకోండి.

బండి నంబర్లు ఇంకా సులువు. 1989 జూలైకి ముందు మూడు అక్షరాలు, తర్వాత అంకెలు ఉండేవి. ఆ తర్వాత 2019 దాకా వచ్చినవి ఏపీ 5 అంటే తూర్పు గోదావరి, ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి. పాత నంబరు బండి కొత్త సినిమాలో కనిపించవచ్చు, కొత్త నంబరు పాత సినిమాలో కనిపించదు. రేవు మెట్లకు పుష్కరాలు గుర్తు: 1967, 1979, 1991, 2003, 2015. ప్రతిసారీ ఘాట్లకు మరమ్మతులో కొత్త మెట్లో పడతాయి. చివరిగా, సినిమా మొదట్లో వచ్చే సెన్సారు సర్టిఫికెట్ మీద తేదీ ఉంటుంది. షూటింగు ఆ తేదీకి ముందే అయిపోయి ఉండాలి. యూట్యూబ్ కాపీల్లో దాన్ని తరచూ కోసేస్తారు కాబట్టి డీవీడీలో చూడండి.

పెద్దల దగ్గరికి

ఇంతా చేసి మీ చేతిలో పది ఫ్రేములు ఉంటాయి. వాటిని ఏ4 కాగితం మీద, మెరుపు లేని రకంలో ప్రింటు తీయించండి. ఫోను చూపించొద్దు. తెర చిన్నది, వెలుతురులో మెరుస్తుంది, డెబ్బై ఏళ్ల కంటికి ఆనదు, వేలు తగిలితే బొమ్మ జరిగిపోతుంది. కాగితమైతే చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు పైకి జరుపుకుని, దగ్గరకూ దూరానికీ పట్టుకుని చూస్తారు. మాట వచ్చేది అప్పుడే. పదిలో ఒకటి వేరే ఊళ్లో తీసిందని మీకు ఖాయంగా తెలిసిన ఫ్రేము కలపండి. దాన్ని కూడా ‘మన రేవే’ అంటే వారి మాటలన్నిటినీ ఒక మెట్టు తగ్గించి రాసుకోవాలి. ఆ సంగతి ఆయనకు చెప్పి చిన్నబుచ్చకండి.

ఎవర్ని అడగాలి? అందరూ ఊరి పెద్దల ఇళ్లకు వెళతారు. పడవల సరంగులు, లాంచీల్లో పనిచేసినవాళ్లు, పూజారులు, ఫోటో స్టూడియోవాళ్లు, యూనిట్‌కు వంట చేసినవాళ్లు, గుంపులో నిలబెట్టడానికి పిలిపించిన కూలీలు, ఇస్త్రీ చేసిన ఆడవాళ్లు ఎక్కువ చెబుతారు. వారు షూటింగు చూడ్డానికి వెళ్లినవాళ్లు కాదు, అక్కడ పనిచేసినవాళ్లు.

‘హీరో ఎవరండీ?’ అని మొదలుపెడితే మీకు సినిమా కథ చెబుతారు. ‘బాబాయిగారూ, ఆ రోజు పడవ ఎవరిది? రోజుకు ఎంత ఇచ్చారు? కరెంటు ఎక్కడి నుంచి లాగారు? భోజనాలు ఎక్కడ పెట్టారు? జనాన్ని ఏ తాడు కట్టి ఆపారు?’ అని అడగండి. సంవత్సరం నేరుగా అడగొద్దు. ‘86 వరదకు ముందా, తర్వాతా? పుష్కరాలకు ఎంత ముందు? రామారావుగారు ముఖ్యమంత్రి అయ్యారా అప్పటికి? మీ పెద్దమ్మాయి పుట్టిందా?’ అంటే రెండేళ్ల తేడాలోకి వచ్చేస్తారు. మీకు తెలిసిన జవాబు ముందే అందించకండి. ‘ఇది మార్కండేయస్వామి గుడి పక్కనే కదా’ అంటే పెద్దమనిషి మర్యాదకు అవునంటారు, మీ తప్పే మీకు సాక్ష్యంగా తిరిగొస్తుంది.

నలుగుర్నీ అరుగు మీద కూర్చోబెట్టి ఒకేసారి అడిగితే గట్టిగా మాట్లాడేవాడి జ్ఞాపకం అందరిదీ అయిపోతుంది. ముందు విడివిడిగా, తర్వాత కలిపి. కలిపినప్పుడు వచ్చే వాదన మాత్రం బంగారం, దాన్ని ఆపొద్దు.

రికార్డింగు

ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మంచి మాట మధ్యలో కాల్ వచ్చి రికార్డింగు ఆగిపోతుంది. మాట్లాడే మనిషికి మూర దూరంలో, మెత్తని తువ్వాలు మీద పెట్టండి. చెక్క బల్ల మీద నేరుగా పెడితే గ్లాసు పెట్టిన ప్రతిసారీ పిడుగు పడ్డట్టు వినబడుతుంది. సీలింగు ఫ్యాను కట్టేయండి. ఎండాకాలం అది కుదరదు కాబట్టి ఉదయం ఏడు గంటలకే వెళ్లండి. గట్టు మీదైతే గాలి మైకును కొడుతుంది, పల్చని జేబురుమాలు రెండు మడతలు చుట్టండి. రెండో ఫోనులో కూడా రికార్డు చేయండి. మొదట్లో తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు, ‘ఇది నలుగురికీ వినిపించడానికి మీకు ఇష్టమేనా?’ అన్న ప్రశ్న, దానికి వారి జవాబు అన్నీ గొంతులోనే ఉండాలి. 45 నిమిషాలు చాలు. అలసిపోయిన మనిషి త్వరగా ముగించడానికి అన్నిటికీ అవునంటారు.

అదే చోట నిలబడి ఫోటో

ఫ్రేములో దగ్గరదొకటి, దూరందొకటి పట్టుకోండి, ఉదాహరణకు మెట్ల చివరి రాయి, వెనక గోపురం. రెండింటి మధ్య ఖాళీ ఫ్రేములో ఉన్నంత అయ్యేదాకా పక్కకు జరగండి. తర్వాత గోపురం ముందు రాయి ఎంత పెద్దగా ఉండాలో అంత అయ్యేదాకా ముందుకో వెనక్కో నడవండి. జూమ్ ముట్టుకునేది చిట్టచివర. చాలామంది ముందే జూమ్ చేసి ఎంతకీ కలవడం లేదంటారు. కలవదు, ఎందుకంటే దగ్గరి వస్తువుకూ దూరపు వస్తువుకూ ఉన్న పొంతన నిలబడ్డ చోటును బట్టి మారుతుంది, లెన్సును బట్టి కాదు. ఫోనులో అతి వెడల్పు లెన్సు వాడొద్దు, అంచులు సాగదీస్తుంది. క్రేను మీంచి, పడవలోంచి తీసిన షాట్లు గట్టు మీద నుంచి కలవవు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకుని ఎక్కండి. రైలు వంతెనల మీదికి వెళ్లొద్దు.

రాసిపెట్టడం

ఒక్కో చోటుకు ఒక్క కాగితం: సినిమా, నిమిషం, ఇప్పటి చోటు పేరు, అప్పట్లో పిలిచిన పేరు, మ్యాపులో అక్షాంశ రేఖాంశాల అంకెలు, ఎవరు చెప్పారు, ఏ గుర్తుతో కలిసింది. చివర ఒక మాట: ‘ఖాయం’, ‘బహుశా’, ‘చెప్పుకుంటారు’. ఫ్రేము కలిసి, ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు చెబితేనే ఖాయం. ఫ్రేము కలవకుండా పదిమంది చెప్పినా అది చెప్పుకునేదే. దాన్ని కూడా తీసేయకుండా రాయండి, రేపు మెరుగైన ప్రింటు దొరికితే పైకి రావచ్చు. పాత పేరు తప్పక రాయాలి. ‘పాత లాంచీల రేవు’ అని ఒకరు అన్నది ఇప్పటి మ్యాపులో దొరకదు, ఇంకో ఇంట్లో ఇంకో ముసలాయన నోట మళ్లీ వినిపించినప్పుడు ఆ రెండు కాగితాలూ కలుస్తాయి.

ఆడియో, ఫ్రేములు, కాగితాల ఫోటోలు మూడు చోట్ల ఉంచండి: కంప్యూటర్‌లో ఒకటి, విడి హార్డ్ డిస్కులో ఒకటి, మీ ఇంట్లో కాకుండా బంధువుల దగ్గరో క్లౌడ్‌లోనో ఒకటి. రాజమండ్రివాళ్లు గౌతమీ గ్రంథాలయంలో అడిగి చూడండి, మిగతా ఊళ్లవాళ్లు తమ శాఖా గ్రంథాలయంలో. మాట్లాడిన పెద్దమనిషి ఇంటికి ఆయన గొంతున్న పెన్‌డ్రైవు, పక్కపక్కన ప్రింటు వేసిన పాత ఫ్రేము, కొత్త ఫోటో తీసుకెళ్లి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు రికార్డరు ఆన్‌లోనే ఉంచండి. మొదటిసారి గుర్తుకురాని పడవ పేరు చాలాసార్లు ఆ పూటే గుర్తుకొస్తుంది.