ఆకు గుబురు, పువ్వు కరువు: కారణం పట్టుకోవడం ఎలా?

మొక్క పూయకపోతే చాలామంది ముందు చేసే పని ఇంకో ఎరువు పొట్లం కొనడం. ఆకు ఏపుగా ఉన్న మొక్కకు ఆకలి ఎక్కడిది? సాధారణంగా దానికి ఏదో ఒకటి ఎక్కువై ఉంటుంది: ఎరువో, నీరో, నీడో, ఒక్కోసారి రాత్రి వెలుతురో. ఏది ఎక్కువైందో ఆకును, కొమ్మను చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే ముందు మొక్క దగ్గర కాసేపు కూర్చోండి.

ఆకు పెద్దది, ముదురాకుపచ్చ. లేత చిగుళ్లు ఆగకుండా వస్తున్నాయి

ఆకును పెంచే పోషకం నత్రజని ఎక్కువైంది. ఇలాంటి లేత చిగుళ్ల మీద పేనుబంక కూడా చేరితే ఇక అనుమానం అక్కర్లేదు, ఎందుకంటే నత్రజని తిని మెత్తబడిన చిగురంటే దానికి మహా ఇష్టం. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజనే. మొక్క పచ్చబడిందని మురిసిపోయి నెలకోసారి చిటికెడు వేస్తూ పోతే పచ్చదనం తప్ప ఇంకేమీ రాదు. "నేను రసాయనాలు వాడను" అనే వారికీ ఇదే సమస్య వస్తుంది. వేరుశెనగ పిండిలో నత్రజని సుమారు 7 శాతం. దాన్ని నానబెట్టిన నీళ్లు వారం వారం పోస్తే సేంద్రియమైనా ఫలితం అదే. పచ్చిక పక్కనే గులాబీలు ఉన్న ఇళ్లలో, గడ్డికి చల్లిన యూరియా వాన నీటితో కలిసి గులాబీల వేళ్లకు చేరుతుంది.

నత్రజని ఇచ్చే ఎరువులన్నీ ఆరు వారాలు ఆపండి. వర్మీకంపోస్టు కూడా వద్దు. కుండీ అయితే అడుగు రంధ్రాల నుంచి ధారగా కారేంత నీరు రెండు సార్లు పోసి, తర్వాత మట్టి పైపొర ఆరనివ్వండి. కొత్త చిగురు పొట్టిగా, కాస్త గట్టిగా రావడం మొదలయ్యాక పొటాష్ ఇవ్వవచ్చు. పన్నెండు అంగుళాల కుండీకి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ అర చెంచా చాలు. కట్టెల బూడిదలోనూ పొటాష్ ఉంటుంది కానీ, ఉప్పు బోరు నీళ్లు వాడే ఇళ్లలో దాని జోలికి పోవద్దు. మట్టిలో క్షారగుణం పెరిగితే ఇనుము అందక, ఈనెలు పచ్చగా, మిగతా ఆకు పసుపుగా మారుతుంది.

పూల కోసమని భాస్వరం దట్టించే అలవాటు ఒకటుంది. మట్టిలో అది ఎక్కువైతే ఇనుము, జింకు అందకుండా అడ్డుపడుతుంది. అవసరానికి మించి వేసినంత మాత్రాన అదనపు పూలు రావు. ఇక అరటి తొక్కల నీళ్లు, ఉల్లి తొక్కల నీళ్లు, టీ పిప్పి, పులిసిన మజ్జిగ అన్నీ ఒకే వారంలో పోసేవారికి ఒక మాట: దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో మీకు ఎప్పటికీ తెలియదు. ఒకసారికి ఒకటే మార్చండి.

కొమ్మలు సన్నగా సాగి ఒక పక్కకు వాలుతున్నాయి. కణుపుల మధ్య దూరం ఎక్కువ

ఎండ చాలడం లేదు. గులాబీ, మందార, మల్లె, బంతి అన్నిటికీ రోజుకు కనీసం ఐదారు గంటలు నేరుగా ఎండ పడాలి. వెలుతురు బాగానే ఉందని మనకు అనిపించేది మొక్కకు సరిపోదు. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు వరకు గంటకోసారి చూసి, ఆకుల మీద నేరుగా ఎండ పడిన గంటలను కాగితం మీద రాసుకోండి.

అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఇంకో చిక్కుంది. దక్షిణం వైపు బాల్కనీలో శీతకాలమంతా ఎండ పడుతుంది. మే, జూన్ నెలల్లో సూర్యుడు నడినెత్తిన, కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి అదే బాల్కనీ నీడలో పడిపోతుంది. జనవరిలో బాగా పూసిన మొక్క వేసవిలో మొరాయిస్తే జబ్బేమో అని కంగారు పడకండి. ఆ నెలల్లో కుండీని పిట్టగోడ అంచుకో, మేడ మీదికో మార్చండి. మార్చే చోటు లేకపోతే కనకాంబరం పెట్టుకోండి, అది పాక్షిక నీడలోనూ పూస్తుంది.

మల్లె పొద ఇంత ఎత్తు పెరిగింది, వేసవిలో గుప్పెడు మొగ్గలే

ఏడాదంతా నీళ్లు పోసి, ఒక్క కొమ్మా కత్తిరించకుండా గారాబం చేస్తే మల్లె ఇలాగే ఉంటుంది. మల్లెకు మొగ్గ వచ్చేది కొత్తగా వచ్చిన పక్కచిగుళ్ల చివర. పాత కొమ్మలు ఆకును మోస్తూ కూర్చుంటాయి తప్ప మొగ్గ ఇవ్వవు. మొక్కకు ఏటా ఒకసారి విశ్రాంతి, ఆ తర్వాత కోత, ఈ రెండూ కావాలి. మైలవరం వంటి చోట్ల మల్లె తోటలు పెంచేవారికి ఇది కొత్త సంగతి కాదు, ఇళ్లలోనే దీన్ని పట్టించుకోరు.

నవంబరు నుంచి నీరు తగ్గించండి. నేలలో ఉన్న పొదకైతే డిసెంబరులో పూర్తిగా ఆపవచ్చు. కుండీలో మట్టి త్వరగా ఆరిపోతుంది కాబట్టి మొక్క చావకుండా నాలుగైదు రోజులకోసారి కాసిని చిలకరించండి. ఆకులు పసుపెక్కి కొన్ని రాలతాయి, భయపడకండి. మిగిలిన వాటిని చేత్తో దూసేయండి. పెద్ద తోటల్లో కొందరు గొర్రెలను వదిలి మేపిస్తారు. డిసెంబరు ఆఖరులోనో జనవరిలోనో పొదను నేల నుంచి మూరెడు ఎత్తుకు కత్తిరించి, ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేయండి. మొదలు చుట్టూ మట్టి గుల్లచేసి, చివికిన పశువుల ఎరువు వేసి, అప్పుడు సమృద్ధిగా నీరు పెట్టండి.

కోసిన కొమ్మను దగ్గరగా చూస్తే, కోతకు కిందనున్న కణుపు దగ్గర ఆవగింజంత మొలక రెండు పక్కలా కనిపిస్తుంది. ఆ రెండూ రెండు కొమ్మలై, మార్చి నుంచి వాటి చివర మొగ్గలు మొదలవుతాయి. ఒక విడత పూలు అయిపోగానే ఆ కొమ్మ కొసలను కొద్దిగా తుంచితే మరో విడత త్వరగా వస్తుంది.

గులాబీ ఏపుగా పెరుగుతోంది, ఆకు మాత్రం వేరేలా ఉంది

నర్సరీ గులాబీలు చాలావరకు అంటు మొక్కలు. మొదలు దగ్గర బొటనవేలు మందాన ఒక ముడి ఉంటుంది. ఆ ముడికి కింద నుంచి వచ్చే కొమ్మ మీరు కొన్న గులాబీది కాదు, దాని కింద ఉన్న అడవి జాతిది. నిటారుగా, దూకుడుగా పెరుగుతుంది, ఆకు చిన్నదిగా, ముళ్లు వేరేగా ఉంటాయి. అసలు మొక్క తిండంతా అదే తినేస్తుంది. మట్టి తప్పించి అది ఎక్కడ పుట్టిందో చూసి, అక్కడి నుంచి కిందికి లాగి పెరికేయండి. కత్తెరతో పైపైన కత్తిరిస్తే ఒకటి పోయిన చోట మూడు వస్తాయి.

కొమ్మలన్నీ ముడికి పైవే అయితే కత్తిరింపు బాకీ ఉన్నట్టే. దసరా, దీపావళి మధ్య కత్తిరిస్తే సుమారు నెలన్నరకు పూలొస్తాయి.

చామంతి కుండీ నిండా ఆకులే, సంక్రాంతి దగ్గర పడినా మొగ్గ లేదు

వీధిదీపాన్ని అనుమానించండి. చామంతికి రాత్రి పొడవు పెరిగితేనే మొగ్గ కట్టే సమయం వచ్చిందని తెలుస్తుంది. గేటు పక్కన రాత్రంతా వెలిగే దీపం ఉంటే దానికి ఇంకా పొడవైన పగలే. పూలను ఆలస్యం చేయాలనుకున్న పెంపకందారులు రాత్రి పూట కావాలనే బల్బులు వెలిగిస్తారు, మన ఇంట్లో అదే అనుకోకుండా జరుగుతుంది. కుండీని పెరటి చీకటి మూలకు జరపండి. కదల్చలేకపోతే సాయంత్రం ఆరు నుంచి తెల్లారేవరకు అట్టపెట్టె బోర్లించండి, ఒక్క రాత్రి కూడా మానకుండా. మూడు నాలుగు వారాల్లో మొగ్గలు కనబడాలి. కొమ్మలు గుబురుగా రావాలని తలలు తుంచడం సెప్టెంబరు తర్వాత మానేయాలి.

కాగితపు పూల తీగ గోడంతా పాకింది, రంగు లేదు

నీరు ఎక్కువ. ఆకు కొద్దిగా వాలేదాకా ఆగి నీరు పోయండి. పెద్ద కుండీలోకి మార్చే ఆలోచన మానుకోండి.

మొగ్గలొస్తున్నాయి, విచ్చకముందే రాలుతున్నాయి

ఇది వేరే జబ్బు. మందారలో అయితే మొగ్గ తొడిమ దగ్గర పిండినల్లి ఉందేమో వెతకండి. మల్లె మొగ్గ ఊదారంగుకు తిరిగి చిన్న రంధ్రం కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టే, అలాంటి వాటిని ఏరి నాశనం చేసి, సాయంత్రం వేళ వేపనూనె పిచికారీ చేయండి. పురుగేమీ లేకపోతే ఒకరోజు ఎండగట్టి మరునాడు ముంచెత్తుతున్నారేమో చూసుకోండి.

అంతా సవ్యంగానే ఉంది, మూడేళ్లయినా పూయలేదు

వయసు రాలేదేమో. విత్తనం నుంచి మొలిచిన సంపంగికి ఏడెనిమిదేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు, అంటు మొక్క రెండు మూడేళ్లకే పూస్తుంది. కొనేటప్పుడే మొదలు దగ్గర అంటు ముడి చూపించమని నర్సరీ వారిని అడగండి. బ్రహ్మకమలం కూడా ఆకు ముక్క నాటిన మరుసటి ఏడాదే పూయదు. దానికి ఇరుకు కుండీ, ఉదయపు ఎండ ఇచ్చి వదిలేయండి, ఏటేటా కుండీ మార్చవద్దు.