జిగ్‌లో పాస్, సైట్‌లో ఫెయిల్: డ్రై సోల్డర్ అసలు కారణం పట్టుకోవడం ఎలా?

డ్రై సోల్డర్ అంటే పైకి అంటుకున్నట్టే కనిపించి, లోపల సరిగా పట్టని టంకం జాయింట్. పాడై తిరిగొచ్చిన సర్క్యూట్ బోర్డు బెంచీ మీదకి రాగానే అందరి చెయ్యీ ముందు సోల్డరింగ్ ఐరన్ మీదకే పోతుంది. దయచేసి ఆ చెయ్యి ఆపండి. అనుమానం ఉన్న జాయింట్‌ని ఒక్కసారి వేడి చేస్తే ఆ బోర్డు బాగుపడవచ్చు. కానీ అది ఎందుకు పాడైందో చెప్పే ఆనవాలు టంకంతో పాటే కరిగిపోతుంది. అదే లాట్‌లోని (ఒకే విడతలో తయారైన) మిగతా బోర్డులు అదే జబ్బుతో కస్టమర్ల దగ్గర తిరుగుతుంటాయి. ముందు చూడండి, ఫొటో తీయండి, లాట్ నంబర్ రాసుకోండి. ఐరన్ ఆ తర్వాతే.

నొక్కితే పనిచేస్తుంది, వదిలితే ఆగిపోతుంది

విశాఖలో గాజువాక వైపు మా చిన్న యూనిట్‌లో మమ్మల్ని ఎక్కువగా ఏడిపించింది ఇదే. ఒక వానాకాలంలో కంట్రోల్ బోర్డులు టెస్ట్ జిగ్‌లో (బోర్డుని బిగించి పరీక్షించే పెట్టెలో) పాసై, సైట్‌కి వెళ్లిన కొన్నాళ్లకే ఆగిపోయాయి. వెనక్కి తెప్పించి మళ్లీ జిగ్‌లో పెడితే అన్నీ పాస్! రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాం. చివరికి రీవర్క్ బెంచీ మీద ఉండే అమ్మాయి పట్టుకుంది: "సార్, జిగ్ మూత ఎత్తగానే లైట్ ఆరిపోతోంది."

విషయం అక్కడే ఉంది. జిగ్ మూత బోర్డుని పైనుంచి అదిమి పట్టుకుంటుంది. విరిగిన లేదా సరిగా పట్టని జాయింట్ ఆ ఒత్తిడికి అంటుకుని కరెంట్ ఇచ్చేస్తుంది. కాబట్టి ఇలాంటి బోర్డుని జిగ్ బయట పరీక్షించండి. తక్కువ వోల్టేజ్ సప్లై ఇచ్చి, పొడి వెదురు పుల్లతో కనెక్టర్లు, రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన మెల్లగా తట్టండి. మెయిన్స్ కరెంట్ ఉన్న బోర్డు మీద మాత్రం ఈ పని చేయకండి. పుల్లకి దొరక్కపోతే హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్కో మూల వేడి చేసి, ఫ్రీజ్ స్ప్రేతో చల్లార్చి చూడండి.

చోటు దొరికాక 10 రెట్ల లెన్స్ పెట్టి, లైట్ పక్క నుంచి ఏటవాలుగా వేయండి. మీకు ఈ కింది మూడింట్లో ఏదో ఒకటి కనిపిస్తుంది.

పిన్ చుట్టూ వెంట్రుకంత నల్లటి గీత ఉంగరంలా ఉంటే, జాయింట్ మొదట బాగానే పడింది, తర్వాత కదలికకో వేడి-చలి మార్పులకో పగిలింది. ఊరికే మళ్లీ సోల్డర్ చేస్తే మళ్లీ పగులుతుంది. ఆ కనెక్టర్‌కి స్క్రూనో క్లాంపో పెట్టి బరువు పిన్నుల మీద పడకుండా చూడాలి.

టంకం తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడితే, పిన్నో, ప్యాడో (పిన్‌ని టంకంతో అతికించే బోర్డు మీది రాగి బిళ్ల) తుప్పు పట్టింది లేదా జిడ్డుగా ఉంది. మంచి జాయింట్‌లో టంకం వత్తిలోకి నూనె ఎక్కినట్టు పిన్ వెంట పాకుతుంది, అంచు పలచబడుతుంది. ఇక్కడ తప్పు చాలాసార్లు ఆపరేటర్ చేతిది కాదు, పార్టులు నిల్వ చేసిన తీరుది.

మూడోది గ్రౌండ్ పిన్. కింద చూస్తే నిండుగా ఉంటుంది, పైన రంధ్రం ఖాళీ. లోపలి రాగి పొర వేడినంతా లాగేసుకోవడంతో టంకం పైకి ఎక్కదు. ఐపీసీ-ఏ-610 అనే తనిఖీ ప్రమాణం ప్రకారం, అత్యంత నమ్మకంగా పనిచేయాల్సిన క్లాస్ 3 బోర్డుల్లో రంధ్రం కనీసం 75 శాతం నిండాలి. ఐరన్ వేడి పెంచుకుంటూ పోకండి, ప్యాడ్ లేచిపోతుంది. వెడల్పు టిప్ వాడి, బోర్డుని ముందే కాస్త వేడి చేయండి. మా లాట్‌లో దొరికింది ఇదే.

బీజీఏ ఉన్న బోర్డు వేడెక్కితే హ్యాంగ్ అవుతోంది

బీజీఏ అంటే పక్కన కాళ్లకు బదులు అడుగున టంకం బంతులుండే చిప్. చిప్ కింద జాయింట్లు కెమెరాకి కనిపించవు, కాబట్టి ఏఓఐ (కెమెరాతో చేసే ఆటోమేటిక్ తనిఖీ) పాస్‌ని నమ్మకండి. తలగడ మీద తల ఆనించినట్టు బంతి, పేస్ట్ (టంకం పొడి, ఫ్లక్స్ కలిపిన ముద్ద) రెండూ కరిగి కూడా కలవకుండా ఉండిపోతాయి. నిటారుగా తీసిన ఎక్స్‌రేలో ఇది తరచూ తప్పించుకుంటుంది, బోర్డుని ఏటవాలుగా పెట్టి తీయాలి. వేడికి చిప్ వంగి బంతి పైకి లేస్తుంది, ఈలోగా పేస్ట్‌లో ఫ్లక్స్ (తుప్పు పొర తీసి టంకం అంటుకునేలా చేసేది) అయిపోతుంది. ఎస్ఏసీ305 అనే లెడ్-ఫ్రీ (సీసం లేని) టంకం కరిగేది 217-220 డిగ్రీల మధ్య. టంకం కరిగించే ఓవెన్ డిస్‌ప్లే చూపించే అంకె బోర్డు వేడి కాదు. చిప్ పక్కనే థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) అతికించి ప్రొఫైల్ (టైమ్‌తో వేడి మారే తీరు) తీయండి, పేస్ట్ డేటాషీట్‌తో పోల్చి సోక్ టైమ్ (కరిగే ముందు బోర్డుని సమంగా వేడెక్కనిచ్చే సమయం) సరిచేయండి.

సోల్డర్ బంతులు చిందడం, పిన్నులు కలిసిపోవడం

విశాఖ గాలిలో తేమ గురించి చెప్పక్కర్లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకి చెమట పట్టినట్టే పేస్ట్ డబ్బాకీ పడుతుంది. చల్లగా ఉండగానే మూత తీస్తే ఆ తేమ పేస్ట్‌లో చేరి, ఓవెన్‌లో చిటపటలాడి బంతులుగా చిందుతుంది. మూత తీయకుండా సుమారు నాలుగు గంటలు బయట ఉంచండి, డబ్బా మీద తీసిన టైమ్ రాయండి. పిన్నులు ఎప్పుడూ ఒకే చోట కలుస్తుంటే స్టెన్సిల్ (పేస్ట్ పూయడానికి వాడే చిల్లుల రేకు) చూడండి. చోటు మారుతుంటే స్టెన్సిల్ అడుగు తుడవడం, పేస్ట్ వయసు చూడండి.

చిన్న రెసిస్టర్ ఒక కాలు మీద లేచి నిలబడిందంటే ఒక ప్యాడ్ మీది టంకం ముందు కరిగిందన్నమాట. ప్యాడ్ సైజులు, ప్లేస్‌మెంట్ చూస్తే చాలు.

జాయింట్ మసకగా ఉంది

ఇది చాలాసార్లు జబ్బే కాదు. 183 డిగ్రీలకు కరిగే పాత 63/37 సీసం టంకం అద్దంలా మెరిసేది. లెడ్-ఫ్రీ టంకం సహజంగానే కాస్త గరుకుగా కనిపిస్తుంది. మెరుపు చూసి రిజెక్ట్ చేయకండి, అంచు ఎలా పాకిందో చూడండి.

జాయింట్ల మధ్య తెల్లటి, పచ్చటి పొర

బీచ్ రోడ్డు వైపు ఇళ్ల నుంచి వచ్చే బోర్డుల్లో ఇది చాలా చూశాను. ఉప్పుగాలి, మిగిలిపోయిన ఫ్లక్స్, తేమ మూడూ కలిసి పిన్నుల మధ్య కరెంట్ లీక్ చేస్తాయి. జాయింట్ బాగానే ఉంటుంది, బోర్డు మాత్రం పిచ్చిగా ప్రవర్తిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో కడిగి, బాగా ఆరబెట్టాకే కోటింగ్ (తేమ తగలకుండా కాపాడే పూత) వేయండి. తొందరపడి తడి మీదే వేస్తే ఉప్పు, నీరు రెండూ కోటింగ్ కింద బందీ అయిపోయి, మళ్లీ అదే బోర్డు మీ బెంచీ మీదకి వస్తుంది.