వైజాగ్‌లో సముద్రం ఎదుటి ఫ్లాట్, ఉప్పు గాలి: నా అనుభవం

పాండురంగాపురంలో మేం కొన్న పాత ఫ్లాట్‌కి వ్యూ అదిరిపోతుంది, కానీ లోపల తలుపుల బందులన్నీ తుప్పు, కిచెన్‌లో ఎండీఎఫ్ (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక) తలుపులు ఉబ్బిపోయి మూతపడేవి కావు. ఇంటీరియర్ వాళ్ళేమో ఫాల్స్ సీలింగ్, ఇటాలియన్ మార్బుల్ అంటూ మొదలుపెట్టారు. అవన్నీ తర్వాత, ముందు బాల్కనీ స్లాబ్ సంగతి చూడమన్నాను.

పెచ్చులూడిన చోట కొట్టి చూస్తే ఇనుప చువ్వలు తుప్పుతో ఉబ్బి ఉన్నాయి. ఉప్పులోని క్లోరైడ్ కాంక్రీటులోకి దిగితే జరిగేది ఇదే, పైపైన పుట్టీ పూస్తే మళ్ళీ ఊడుతుంది. అందుకే వదులుగా ఉన్న కాంక్రీటంతా చువ్వల వెనక దాకా తీయించి, తుప్పు గీకించి, జింక్ ప్రైమర్ కొట్టించి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో నింపించాను. దుమ్ముకి కింది ఫ్లాట్ ఆంటీ గారు బాగానే తిట్టారు, తప్పదు మరి.

అల్మరాలకి ఐఎస్ 710 మార్కు ప్లైవుడ్ (తడిని తట్టుకునే మెరైన్ రకం) వాడి, కోసిన అంచులన్నీ సీల్ చేయించాం. రెయిలింగ్‌కి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ బదులు 316 రకం తీసుకున్నాం, అందులో మాలిబ్డినం అనే లోహం కలిసి ఉంటుంది కాబట్టి ఉప్పుని బాగా తట్టుకుంటుంది. అలాగని వదిలేస్తే దాని మీదా గోధుమరంగు మరకలు వస్తాయి, అప్పుడప్పుడూ మంచినీళ్ళతో కడగాల్సిందే. 2014లో హుద్‌హుద్ తుఫానుని చూసిన ఊరు కదా, కిటికీలకి యూపీవీసీ (తుప్పు పట్టని గట్టి ప్లాస్టిక్) ఫ్రేములు, టఫెన్డ్ గ్లాసు పెట్టించాం.

ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ని సముద్రం వైపు నుంచి వెనక గోడకి మార్చాం, రాగి పైపు పొడవు పెరిగి ఖర్చు కొంచెం ఎక్కువే అయింది.