మీ పిల్లి మ్యావ్ అనదా? కంగారు పడే ముందు ఇవి చూస్కోండి

మా మిరియం (నల్లగా ఉంటుందని ఆ పేరు) పోయినేడు ఒక ఆదివారం బట్టల కబోర్డులో ఇరుక్కుపోయింది. ఇస్త్రీ బట్టలు సర్దుతుంటే ఎప్పుడు దూరిందో దూరింది, నేను చూసుకోకుండా తలుపేసి బజారుకెళ్ళిపోయా, వచ్చేసరికి పిల్లి లేదు, ఇంక చూడండి నా అవస్థ, సెల్లార్లో, మెట్ల కింద, వాటర్ ట్యాంకు దగ్గర, పక్కింటి వాళ్ళ బాల్కనీలో, వాచ్‌మన్ టార్చి పట్టుకుని కార్ల కింద, అంతా గాలించాం. నాలుగు గంటల తర్వాత నైటీ కోసం కబోర్డు తెరిస్తే వెంకటగిరి చీర మీద కూర్చుని నా మొహంలోకి చూస్తోంది. ఆ కబోర్డు ముందే నిలబడి పదిసార్లు పిలిచా నేను. కిక్కురుమనలేదు.

అదంతే. ఇంటికొచ్చి మూడేళ్ళు, దాని మ్యావ్ నేను విన్నది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా అమ్మ వచ్చినప్పుడల్లా "మూగదేమోనే, ఒకసారి చూపించు" అని పోరు పెడితే డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన పిల్లిని ముట్టుకోకుండానే ఒక్కటే అడిగారు, "మొదట్నుంచీ అరవదామ్మా, అరిచేది మానేసిందా?" అని. మీరూ ముందు తేల్చుకోవాల్సింది ఇదే. మొదట్నుంచీ అరవకపోతే అది దాని తీరు. అరిచేది ఆపేస్తే ఏదో అయింది అని అర్థం. ఈ రెండూ కలిపేసుకుని కొందరు లేనిపోని బెంగ పెట్టుకుంటారు, కొందరేమో చూడాల్సిన జబ్బుని "అదంతేలే" అని వదిలేస్తారు.

ముందు అసలు పిల్లులు మ్యావ్ ఎందుకంటాయో తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అనుకోవడం చాలా తక్కువ. కూనలు తల్లిని పిలవడానికి అంటాయి, ఆకలేసినా చలేసినా. పెద్దయ్యాక తమలో తాము వాసనలు, తోక, చెవులు, చూపులు, వీటితోనే పని కానిచ్చేస్తాయి, గొడవైతే బుస్సుమంటాయి, గుర్రుమంటాయి, జత కోసమైతే అర్ధరాత్రి గోడెక్కి ఊరంతా లేపుతాయి, అది వేరే సంగతి. మ్యావ్ మాత్రం ఎక్కువగా మన కోసం. మనకి తోక భాష రాదు కదా, ఈ మనిషి నోటితో చెప్తే గానీ కదలడు అని కనిపెట్టి, చిన్నప్పుడు అమ్మ మీద వాడిన అరుపునే మన మీద వాడతాయి. అంటే వీధిలో పుట్టి మనుషుల చేతుల్లో పెరగని పిల్లికి ఆ అవసరమే పడలేదు. మా మిరియం సెల్లార్లో దొరికింది, అప్పటికే ఐదారు నెలల పిల్ల, మనుషుల్ని అడిగి తినే అలవాటే లేదు దానికి.

ఇంకోటి, అడక్కుండానే అన్నీ అమరిపోతుంటే ఎందుకరుస్తుంది చెప్పండి. మనూళ్ళో సామెతుందిగా, అడగందే అమ్మైనా పెట్టదని, పిల్లి పెంచేవాళ్ళు అంతకు మించిన అమ్మలు, ఏడింటికి టంచనుగా గిన్నె పెట్టేస్తారు, గిన్నె ఖాళీ అవకముందే నింపేస్తారు. అదే పక్కింట్లో అరిచినప్పుడే పెడతారనుకోండి, ఆ పిల్లి అరుపే రిమోట్ అని నేర్చుకుంటుంది. జాతి కూడా ఉంది, సయామీలు వాగుడుకాయలు, పర్షియన్లు, రష్యన్ బ్లూలు మామూలుగా నెమ్మది. వీధి పిల్లుల్లో మాత్రం ఇది ఇలా ఉంటుంది అని చెప్పడానికి లేదు, ఒకే ఈతలో పుట్టిన నాలుగింట్లో ఒకటి గయ్యాళి, ఒకటి మౌనిబాబా. జపాన్‌లో క్యోటో యూనివర్సిటీ వాళ్ళు 2025లో ఒక పరిశోధన బయటపెట్టారు, పిల్లుల్లో ఒక హార్మోన్ రిసెప్టర్ (హార్మోన్‌ని అందుకునే భాగం) జీన్ పొడుగ్గా ఉందా పొట్టిగా ఉందా అన్నదానికీ అవి ఎంత గుర్‌గుర్ (కోపంతో గుర్రుమనడం కాదు, ఒళ్ళో పడుకుని హాయిగా చేసే శబ్దం) మంటాయన్నదానికీ సంబంధం కనిపించిందట. అంటే కొంత పుట్టుకతోనే వస్తుందన్నమాట, మన పెంపకాన్ని తిట్టుకోనక్కర్లేదు.

పిలిస్తే పలకదు, చెవుడేమో అని కూడా అనిపిస్తుంది. టోక్యోలోని సోఫియా యూనివర్సిటీ వాళ్ళు 2019లో చూపించిందేంటంటే పిల్లులు తమ పేరుని మిగతా మాటల నుంచి విడదీసి గుర్తుపడతాయి, కాకపోతే గుర్తుపట్టినట్టు చూపించేది ఎక్కువగా చెవి తిప్పో తల తిప్పో, నోరు తెరిచి కాదు. కాబట్టి పిలిచినప్పుడు నోటి వైపు కాదు, చెవుల వైపు చూడండి. మిరియం నన్ను పట్టించుకోనట్టు కిటికీలోంచి పావురాల్ని చూస్తూనే ఒక చెవి మాత్రం వెనక్కి తిప్పుతుంది, అది మా ఇంట్లో "ఆఁ చెప్పు" అన్నట్టు.

ఇప్పుడు ఇంట్లోనే చూసుకోవాల్సినవి చెప్తా.

అది నిద్రలో ఉన్నప్పుడు కాదు, మెలకువగా అటు తిరిగి ఉన్నప్పుడు వెనకనుంచి దానికి కనిపించకుండా ఫుడ్ ప్యాకెట్ గలగలలాడించండి లేదా తాళాలు కదపండి. చప్పట్లు వద్దు, గాలి తగిలి తిరిగినా మనం విని తిరిగింది అనుకుంటాం, నేల మీద కాలు కొట్టడమూ వద్దు, ఆ అదురు వాటి పాదాలకి తెలిసిపోతుంది. రెండుమూడు రోజులు వేరేవేరే టైముల్లో చూడండి. ఒళ్ళంతా తెల్లగా ఉండి రెండు కళ్ళూ నీలంగా ఉన్న పిల్లయితే పుట్టు చెవుడుకి అవకాశం బాగా ఎక్కువ, డాక్టర్‌కి చెప్పండి. వింత ఏంటంటే చెవిటి పిల్లులు చాలావరకు ఇల్లెగిరిపోయేలా అరుస్తాయి, తమ గొంతు తమకి వినపడదు కదా.

తర్వాత గొంతు ఉందా లేదా. మ్యావ్ లేకపోయినా గుర్‌గుర్ అంటుందా, మీరు ఇంట్లోకి రాగానే నోరు మూసుకునే "బ్ర్ర్" లాంటి చిన్న శబ్దం చేస్తుందా, కిటికీలో పక్షిని చూసి దవడ టకటకలాడిస్తుందా, ఇవన్నీ చూడండి. కొన్ని పిల్లులు నోరు పూర్తిగా తెరుస్తాయి, శబ్దం రాదు, మూగ మ్యావ్ అంటాన్నేను, దగ్గరికెళ్ళి చెవి పెడితే ఒక్కోసారి గాలంత సన్నగా వినిపిస్తుంది. మనకి వినపడేది ఇరవై కిలోహెర్ట్‌జ్ దాకే, పిల్లులు అరవై దాటి కూడా వింటాయి, కాబట్టి మనకి వినపడనంత మాత్రాన లేదనుకోకూడదు. ఇవేవీ తేలకపోతే ఆఖరి పరీక్ష, బుట్టలో పెట్టి ఆటో ఎక్కించడం. నేను సరదాకనట్లేదు, మూడేళ్ళు మౌనవ్రతం చేసిన మా పిల్లి టీకాకి తీసుకెళ్తుంటే కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర ఎత్తుకున్న రాగానికి పక్క బైకుల వాళ్ళు తొంగి చూశారు. గొంతు భేషుగ్గా ఉంది, వాడే ఉద్దేశం లేదంతే. (పరీక్ష కోసమే ఎక్కించకండి పాపం, ఎలాగూ టీకాకి వెళ్ళినప్పుడు గమనించండి.)

ఇంటికి కొత్తగా తెచ్చిన పిల్లయితే ఇవన్నీ ఇప్పుడే వద్దు. మంచం కింద దూరి రోజుల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉండటం మామూలే, భయం అది. చూడాల్సింది రాత్రిపూటైనా తింటుందా, లిట్టర్ బాక్స్ (ఒంటికీ రెంటికీ వెళ్ళే ఇసుక డబ్బా) వాడుతుందా అని. లాగకండి, చుట్టూ జనాన్ని పోగేయకండి.

ఇక రెండో రకం, బాగా అరిచే పిల్లి ఉన్నట్టుండి ఆపేయడం లేదా గొంతు బొంగురుపోవడం. ముందు ఈమధ్య ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఆపరేషన్ అయిందా? మత్తిచ్చేటప్పుడు గొంతులో గొట్టం పెడతారు, కొన్ని రోజులు రాసుకుపోయినట్టుంటుంది. మీరు ఊరెళ్ళి ఎక్కడైనా వదిలొచ్చారా? అక్కడ రెండ్రోజులు ఏకధాటిగా అరిచి గొంతు పోగొట్టుకుని రావొచ్చు. తుమ్ములు, కళ్ళల్లో నీళ్ళు, ముక్కు కారడం ఉంటే పిల్లుల జలుబు, చాలావరకు హెర్పిస్ వైరస్ లేదా కాలిసి వైరస్ పని, దాంతో గొంతు వాస్తుంది. ఇవి కాకుండా గొంతులో కండ పెరగడం, స్వరపేటిక నరం పని చేయకపోవడం, గడ్డలు, ఇవి అరుదు కానీ ఉన్నాయి. ఆ నరం మెడలోంచి ఛాతీలోకి దిగి మళ్ళీ పైకొస్తుంది, అందుకే గొంతు పోయిందని వెళ్తే డాక్టర్ ఛాతీకి ఎక్స్‌రే రాస్తే ఆశ్చర్యపోకండి.

మన ఇళ్ళల్లో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది పూలదారం. మల్లెపూల మాల వాడిపోయాక ఆ దారాన్ని పిల్లులు నమిలి మింగేస్తాయి, కుట్టుమిషన్ దగ్గర సూదీ దారమూ అంతే. నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతూ కనిపిస్తే దయచేసి లాగొద్దు, రెండో కొస లోపల నాలుక కిందో పేగులోనో చిక్కుకుని ఉంటే పేగు కోసుకుపోతుంది. అలాగే తీసుకెళ్ళిపోండి.

ఎప్పుడు ఆగకూడదు అంటే, నోరు తెరిచి కుక్కలా రొప్పుతుంటే అప్పటికప్పుడే. ఊపిరి తీసుకునేటప్పుడు గరగర శబ్దం వస్తున్నా, మింగలేక చొంగ కారుతున్నా అదే రోజు. ఒక రోజంతా ఏమీ తినకపోతే ఫోన్ చేయండి, లావు పిల్లులు రెండుమూడు రోజులు తినకపోతే లివర్‌కి కొవ్వు పట్టి ప్రాణం మీదకొస్తుంది. మగపిల్లి లిట్టర్ బాక్స్‌లోకి పదేపదే వెళ్ళి కూర్చుని చుక్క కూడా రాకపోతే అర్ధరాత్రైనా సరే పరుగెత్తాలి, మూత్రం బిగిస్తే ఒకట్రెండు రోజుల్లో పోతుంది. మామూలుగా ఈ నొప్పికి పిల్లులు గగ్గోలు పెడతాయి, అరవని పిల్లి అదీ పెట్టకపోవచ్చు, అందుకే మగ మౌనిబాబాలున్న వాళ్ళు రోజూ ఇసుకలో తడి ఉండలు లెక్కపెట్టాల్సిందే, ఏం చేస్తాం.

ఇవేవీ లేవు, గొంతు ఒక్కటే మారింది, తింటోంది ఆడుతోంది అంటే రెండుమూడు రోజులు చూడొచ్చు, తగ్గకపోతే వెళ్ళండి. వెళ్ళేముందు ఫోన్‌లో రెండు వీడియోలు ఉంచుకోండి, ఒకటి బాగున్నప్పటి అరుపు, ఒకటి ఇప్పటిది, ఎందుకంటే క్లినిక్ టేబుల్ మీద అది బొమ్మలా బిగుసుకుపోతుంది, మీరెంత చెప్పినా డాక్టర్‌కి వినిపించదు. నిద్రపోతున్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేచి దిగిందో నిమిషం పాటు లెక్కపెట్టి రాసుకోండి, ముప్పై లోపు ఉండాలి.

మందుల విషయంలో మా పెద్దమ్మ లాంటి వాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు, మిరియాల కషాయం పట్టు, తేనె నాకించు, జ్వరం గోళీ అరముక్క వెయ్యి అని. పారాసిటమాల్ పిల్లికి విషం. అరముక్క కూడా. దాన్ని అరిగించుకునే శక్తి పిల్లి లివర్‌కి లేదు, రక్తం ఆక్సిజన్ మోయడం మానేస్తుంది, చిగుళ్ళు గోధుమ రంగుకొచ్చి పోతాయి. పెద్దమ్మతో గొడవైనా పర్లేదు, ఇవ్వకండి.

అవునూ, తిరగేసింది కూడా గుర్తుంచుకోండి, పదేళ్ళు దాటిన మౌన పిల్లి ఉన్నట్టుండి రాత్రిళ్ళు అరవడం మొదలెడితే "అబ్బ, ముసలితనంలో మాటలొచ్చాయి" అని మురిసిపోకండి, థైరాయిడ్, బీపీ, చెవుడు, మతిమరుపు ఏదైనా కావచ్చు, రక్త పరీక్ష చేయించాలి.

సరే, ఏ జబ్బూ లేదని తేలింది, ఇక దీనితో ఎలా ఉండాలి. నా అనుభవంలో అలవాటు మార్చుకోవాల్సింది మనమే. తోక నిటారుగా లేపి వస్తే సంతోషం, తోక కొస టపటపా కొడితే చాలు ఆపు అని, చెవులు పక్కకి పడుకుంటే ఇంక చెయ్యి వెనక్కి తీసేయండి. కళ్ళు సగం మూసి మెల్లగా రెప్పలార్పితే మీరూ అలాగే ఆర్పండి, 2020లో ఇంగ్లండ్‌లో ససెక్స్, పోర్ట్స్‌మత్ యూనివర్సిటీల వాళ్ళు చేసి చూశారు, అలా చేసిన మనుషుల దగ్గరికి పిల్లులు ఎక్కువ వచ్చాయి. మిరియం ఆకలేస్తే గిన్నె దగ్గరికి వెళ్ళదు, నా లాప్‌టాప్ మీద కూర్చుంటుంది, నాకు అర్థమవడానికి ఆర్నెల్లు పట్టింది.

మాట్లాడించాలని సరదా ఉంటే చేయొచ్చు, ఆ "బ్ర్ర్" అన్నా మూగ మ్యావ్ అన్నా ఆ క్షణంలోనే జవాబిచ్చి చిన్న ముక్క పెట్టండి, కొన్ని వారాలకి కొన్ని పిల్లులు శబ్దం పెంచుతాయి. ఆకలి పెట్టి మాత్రం నేర్పకండి. ఇంకో మాట, మా ఆఫీసులో ఒకావిడ ఇలాగే నేర్పించింది, ఇప్పుడు అది తెల్లారుజామున నాలుగింటికి తలుపు దగ్గర కూర్చుని సుప్రభాతం, వద్దన్నా ఆపదు. నేనైతే ఆ జోలికి పోలేదు.

దానికి బదులు లాగితే ఊడిపోయే రకం కాలర్ కొని చిన్న మువ్వ కట్టా. బయటికెళ్ళేముందు కబోర్డులు, ఫ్రిజ్ వెనక, వాషింగ్ మెషిన్ డ్రమ్ము, అటక, ఈ నాలుగూ చూసి, పిల్లిని కంటితో చూశాకే తాళం వేస్తా. వాషింగ్ మెషిన్ అయితే స్విచ్ వేసే ముందు ప్రతిసారీ చెయ్యి పెట్టి తడమండి. వెంకటగిరి చీర మాత్రం పోయింది, గోళ్ళకి రెండు చోట్ల పోగులు లేచాయి, అమ్మకింకా చెప్పలేదు.